మొక్కు మీసాలు

ఆరో మీసం రుతుజ మూతి మీద దొరికింది.

రత్నాబాయి ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. కొబ్బరినూనెలో ముంచిన దూదితో పై పెదవి మీద మెల్లగా రుద్దింది. గమ్ము ఎండి గట్టిపడింది. మీసం ఒక పక్క లేచింది, రెండో పక్క లేవనంది. రుతుజ ఏడుపు మొదలుపెట్టింది. రత్నాబాయి ఆ ఏడుపు తన కోసం కాదన్నట్టు, ఒక్కో వెంట్రుకనూ గోటితో తీసి ఒళ్లో పరిచిన కొత్త తెల్లగుడ్డ మీద పెట్టుకుంటూ పోయింది.

ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఆ చాల్ మూడో అంతస్తు గ్యాలరీలో ఇంకా ముగ్గురు పిల్లలు టీకాలకు నిలబెట్టినట్టు వరసలో ఉన్నారు. ఇద్దరికి మీసాలు. మూడోవాడు స్నేహల్ ఆటలో రాజు కాబట్టి వాడికి మీసమూ గడ్డమూ రెండూ ఉన్నాయి. రాజుగా ఉండగా గడ్డం తీయించుకునేది లేదని వాడు తెగేసి చెప్పాడు. వాళ్లమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి వేశాక రాజ్యం వదులుకున్నాడు.

పొద్దున్నుంచి పిల్లలంతా రాజూ సైనికుల ఆట ఆడారు. మీసాలు పంచింది సాక్షి. రత్నాబాయి మనవరాలు, ఆరేళ్లది. ఆ మీసాలు దాని తమ్ముడు పింటూ తల మీద నుంచి వచ్చాయి.

మామూలు జుట్టయితే నలుగురూ నవ్వుకుని ఊరుకునేవాళ్లు. అది కురుమూర్తి స్వామికి మొక్కిన పుట్టువెంట్రుకలు. వాడు పుట్టిన మూడేళ్లలో ఆ తలకు కత్తెర తగలలేదు. దీపావళి తర్వాత జాతరలో, మేనమామ శ్రీకాంత్ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. ఇంకా ఇరవై రోజులుంది. పాలమూరు బస్సుకు టికెట్లు కూడా తీసుకున్నారు. రత్నాబాయి ఈ పొద్దున దాదర్ వెళ్లింది వాడికి కొత్త బట్టలు కొనడానికే. బట్టలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి మనవడి తల సగమే మిగిలింది.

పింటూ సంగతి అడగక్కర్లేదు. తల తేలికైన సంబరంలో గ్యాలరీ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు తీస్తున్నాడు. కుడి పక్క జడ, దాని చివర ఎర్ర రబ్బరుబ్యాండు అలాగే ఉన్నాయి. ఎడమ పక్క చెవి పై దాకా ఎలుకలు కొరికినట్టుంది. ఎదురైన ప్రతివాళ్లకూ ఆ పక్క తల వంచి చూపించి, చెయ్యి పెట్టి చూడమంటున్నాడు.

పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే శంకర్రావు స్టూలు మీద తల దించుకుని కూర్చున్నాడు. ఆయన చేసిన పని అలాంటిది. పొద్దున్నుంచి అక్కడే కూర్చుని పేపరు చదువుతూ, పిల్లల మీసాలు చూస్తూనే ఉన్నాడు. రత్నాబాయి కోడలు మౌనిక వర్క్‌షాపు నుంచి ప్యాంట్ల కట్టలు తెచ్చి, కుట్ల దగ్గర వేలాడే దారాలు కత్తిరించి ఇస్తుంది. ఇవీ ఆ నల్ల దారాలే అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. ఇద్దరు సైనికుల మీసాలు వంకరగా ఉన్నాయని దగ్గరికి పిలిచి సరిచేశాడు, కొసలు మెలితిప్పాడు కూడా.

"నాకేం తెలుసు అక్కా," అని ఆయన నాలుగోసారి అన్నాడు. రత్నాబాయి నాలుగోసారీ జవాబివ్వలేదు.

లోపల మౌనిక నేల మీద మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతోంది. పన్నెండడుగుల గదిలో ఎక్కడ చూసినా కత్తిరించిన దారాలే. నల్ల ప్యాంట్ల దారాలు, వాటి మధ్య నల్ల వెంట్రుకలు. చీపురు ముట్టడానికి లేదు. మొక్కిన జుట్టు చీపురు కింద పడకూడదు, కాలి కింద పడకూడదు, అడ్డగోడ వెనక బట్టలుతికే మోరీ నీళ్లలో అసలే పడకూడదు. వేళ్లతో ఏరాలి. ఏరినది దారమో వెంట్రుకో తెలియక రెండు కొసలూ పట్టి లాగి చూస్తోంది. చూస్తున్నకొద్దీ కళ్లలో నీళ్లు వచ్చి అదీ కనిపించడం లేదు.

ఆ నీళ్లకు అసలు కారణం ఆమెకొక్కదానికే తెలుసు. కాదు, ఇంకొకరికీ తెలుసు. ఆ ఇంకొకరు పైన అటక మీద, పరుపుల చుట్టల వెనక దాక్కుని ఉంది.

నిన్న సాయంత్రం జరిగింది. పింటూకు పేలు పట్టాయి. వాడిని కాళ్ల మధ్య ఇరికించుకుని మౌనిక దువ్వుతోంది. వాడు నూనె సీసా తన్నాడు. సీసా వెళ్లి ప్యాంట్ల కట్ట మీద పడింది. అంతలో పప్పు మాడింది. వాడు జారిపోయి, అరజడతో, మాడు వాసన వస్తోందని ఇల్లంతా చాటుతూ గ్యాలరీలోకి పరుగెత్తాడు. అదే పొద్దున బాల్వాడీ టీచర్ వాడి పేరు ఆడపిల్లల వరసలో రాసిందని తెలిసింది. అసలు పేరు హితేష్ అని ఉండగా ఆడపిల్ల ఎట్లయితడని అడిగితే, జడలు చూసి రాశానంది ఆవిడ. అన్నీ కలిసి మౌనిక నోటికి అడ్డం లేకుండా పోయింది. ఎవరన్న వచ్చి ఈ జుట్టు కత్తిరించి పడేస్తే నా పీడ పోతది, అంది. గోడతో అన్న మాట అది. సాక్షి అక్కడే కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది.

ఈ పొద్దున మౌనిక పూర్తయిన కట్టను కింది వర్క్‌షాపులో ఇచ్చి వచ్చింది. పావుగంటలో వస్తాననుకుంది, అక్కడ లెక్కలు తేలేసరికి రెండు గంటలు పట్టింది. ఆ చాల్లో పగలు తలుపులు వేసే అలవాటు లేదు. పిల్లల మీద గ్యాలరీ మొత్తానికీ కన్నుంటుందని అందరి నమ్మకం. తిరిగి వచ్చేసరికి సాక్షి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో దారాల కత్తెర. మొహం వెలిగిపోతోంది.

"నీ పీడ నేనే తీసేసిన మమ్మీ," అంది.

మౌనిక పిల్ల నోరు చేత్తో మూసింది. మెట్ల మీద అత్త చెప్పుల చప్పుడు అప్పుడే వినిపించింది. నానమ్మకు ఈ మాట చెప్పకు, నేనన్న అని అస్సలు చెప్పకు, అని పిల్ల చెవిలో అంది. సాక్షి కళ్లు పెద్దవి చేసి తల ఊపింది. మెచ్చుకుంటుందనుకున్న అమ్మ నోరెందుకు మూసిందో దానికి అర్థం కాలేదు.

రత్నాబాయికి భయపడేది ఎందుకని చదివేవాళ్లు అడగొచ్చు. ఆవిడ అరవదు, కొట్టదు, తిట్టదు. మాట మానేస్తుంది. ఒకసారి శనివారం పూట పింటూకు కోడిగుడ్డు పెట్టినందుకు మౌనికతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ఒక గది ఇంట్లో, ఒక పొయ్యి దగ్గర, పక్కపక్కన పడుకుంటూ పదకొండు రోజులు. గుడ్డుకే అంత శిక్ష పడితే మొక్కు జుట్టుకు ఎంత పడుతుందో మౌనిక లెక్క వేసుకుంది. వేసుకుని పిల్ల నోరు మూసింది. తప్పేనని ఆ క్షణానే తెలుసు.

మీసాల వరస అయిపోయాక రత్నాబాయి లోపలికి వచ్చి సాక్షిని అటక దించింది. ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎవరు చెప్పిండ్రే నీకు, కత్తిరించుమని?"

"కోణీ నాయ్."

"తెలుగుల చెప్పు."

"ఎవరు చెప్పలే."

"ఎవరు చెప్పకుంటె నీకు ఎట్ల తోచింది?"

సాక్షి అమ్మ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో మెడలో నరం చెబుతోంది. మౌనిక దారాలు ఏరుతూనే ఉంది. చేతులు ఆడుతున్నాయి గానీ ఏమీ దొరకడం లేదు. రత్నాబాయి అదే ప్రశ్న మూడుసార్లు అడిగింది, గొంతు పెంచకుండా, ప్రతిసారీ ఒకేలా. పిల్ల మూడుసార్లూ ఒకే జవాబు చెప్పింది.

ఒంటిగంటకు నరేష్ భోజనానికి వచ్చాడు. ట్యాక్సీ కింద పెట్టి మెట్లెక్కి, గుమ్మంలో కొడుకుని చూసి పకపకా నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే తల్లి మొహం కనిపించింది. తర్వాత ఎంత సర్దుకున్నా లాభం లేకపోయింది. కొత్త బట్టల సంచీ మూలన తెరవకుండానే పడి ఉంది. భార్య కంచంలో అన్నం పెట్టింది, ఏమీ అనలేదు. తల్లీ అనలేదు. నరేష్‌కు ఈ ఇంట్లో అన్నిటికన్నా భయం ఈ రకం నిశ్శబ్దమే.

మిగిలిన సగం ఉంది కదా అమ్మా, అది తీసుకుపోదాం, కత్తిరించింది కూడా కలిపి ఇద్దాం, స్వామి ఏమనుకోడు అన్నాడు. అలవాటు ప్రకారం హాస్యం కూడా ఆడబోయాడు. స్వామికి సగం బరువు తగ్గింది అన్నాడు.

"సగం ప్రాణం అడిగిన్నా రా నేను?" అంది రత్నాబాయి. "ఏడు నెలలకే పుట్టిండు. ఇరవై రెండు దినాలు అద్దాల డబ్బల ఉన్నడు. డాక్టరు చెయ్యి ఇట్ల ఆడిచ్చి పోయిండు. నువ్వు కింద ట్యాక్సీల కూసోని ఏడుస్తున్నవ్. నేను దవాఖాన మెట్ల మీద కూసోని మొక్కిన. వాని తల మీద కత్తెర పడనియ్య, నీ కొండకే తీస్కొస్త అన్న. తెల్లారి కండ్లు తెరిసిండు."

నరేష్ ముద్ద మళ్లీ కంచంలో పెట్టాడు. ఆ ఇరవై రెండు రోజుల సంగతి ఎత్తితే అతనికి హాస్యం రాదు. రెండుసార్లు జాతర తప్పడం తన మనసులోనూ ముల్లులాగే ఉంది. మొదటి ఏడు వాడికి జ్వరం. నిరుడు తండ్రి వెంకటయ్య పోయి ఇంట్లో ఏడాది మైల. ఈసారి ఎలాగైనా వెళ్లాలని జూన్‌లోనే అనుకున్నారు.

అప్పుడు శంకర్రావు గుమ్మంలోకి వచ్చాడు. చెప్పనా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి చెప్పాడు. మీసాలు తొమ్మిది కాదు, పది. తన చెల్లెలి కొడుకు నవీన్ పొద్దున ఇక్కడే ఆడుకుని, పదకొండింటికి వాళ్లమ్మతో వర్లీ వెళ్లిపోయాడు. వాడి మూతి మీద ఒకటి ఉంది. తనే మెలితిప్పాడు కాబట్టి బాగా గుర్తు. వాళ్లమ్మకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

నరేష్ సగం తిన్న కంచం పక్కకు జరిపి లేచాడు. అలా కామాటిపుర ఆరో గల్లీ నుంచి ఒక ట్యాక్సీ, ఆదివారం మధ్యాహ్నం గిరాకీ వదులుకుని, ఒక మీసం కోసం వర్లీ బయల్దేరింది. మెట్లు దిగుతున్నవాడిని పైనుంచి ఎవరో ఎక్కడికని అడిగితే, పని ఉంది అన్నాడు. నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

అతను వెళ్లాక ఇంట్లో కాస్త ఊపిరి ఆడింది. పింటూ ఆడి ఆడి అలిసి చాప మీద అడ్డంగా పడి నిద్రపోయాడు. రత్నాబాయి గుడ్డ నాలుగు చెంగులూ మడిచి దేవుడి పటం ముందు పెట్టింది. మౌనిక ఏరిన వెంట్రుకలు పట్టుకొచ్చి ఇస్తే, ఆమె చేతిలోంచి తీసుకోలేదు. అక్కడ పెట్టు అని కళ్లతోనే చెప్పింది. సాక్షికి అన్నం కలిపి పెడితే తినలేదు. ఎవరూ బతిమాలలేదు.

ఇప్పుడు చెప్పేద్దామని మౌనిక రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి అత్త నీళ్లు తాగుతోంది. తాగాక చెబుదామనుకుంది. రెండోసారి అత్త తాగడం అయిపోయింది, కానీ ధైర్యం కూడా అయిపోయింది.

నాలుగవుతుండగా ఫోన్ మోగింది. నరేష్. మౌనిక స్పీకర్ పెట్టింది. అతను కాసేపు ట్రాఫిక్ గురించి చెప్పాడు. వాళ్ల ఖోలీ దొరకడం కష్టమైందన్నాడు. రత్నాబాయి దొరికిందా అని మాత్రం అడిగింది.

"వాళ్లమ్మ మొహం కడిగేసిందట అమ్మా. సబ్బు పెట్టి. మోరీల పోయింది."

ఫోన్ పెట్టేశాక కింద గల్లీలో పాత సామాన్లవాడు రెండు కేకలు వేసి వెళ్లాడు. రత్నాబాయి దేవుడి పటం ముందు కూర్చుని ఉంది. తనలో తాను అనుకున్నట్టే అంది గానీ గది చిన్నది, అందరికీ వినిపించింది.

"పోయింది. వాని ఆయుష్షుల నుంచి అంత మోరీల పోయింది. సొంత అక్కనే కత్తిరిచ్చె."

సాక్షి మూలనుంచి లేచింది. ఏడవలేదు. చాప దగ్గరికి వెళ్లి తమ్ముడి పక్కన గొంతుక్కూర్చుంది. వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి తగిలింది కాబోలు, వెళ్లి మళ్లీ మూలన కూర్చుంది. రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ వచ్చి వేలు పెట్టింది. మూడోసారి వాడు నిద్రలో ముక్కు గోక్కుని అటు తిరిగితే, ఇది చాప చుట్టూ తిరిగి అవతల పక్కకు వెళ్లి మరీ చూసింది.

మౌనిక అది చూసింది. ఇక పదకొండు రోజులు కాదు, పదకొండేళ్లు మాట్లాడకపోయినా ఫరవాలేదనిపించింది. వెళ్లి అత్త ముందు నిలబడింది.

"దాన్ని అనకుండ్రి అత్తమ్మా. నేనే అన్న. నిన్న కోపంల అన్న, ఎవరన్న కత్తిరించి పడేస్తే పీడ పోతదని. అది విని చేసింది. మీకు చెప్పొద్దని నోరు మూసింది కూడ నేనే."

చెప్పేసింది. చెప్పి, ఏం పడితే అది పడనీ అని నిలబడింది. రత్నాబాయి తల ఎత్తలేదు. పటం ముందున్న గుడ్డ చెంగు సరిచేసింది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?" అంది మౌనిక.

"నిన్న మోరీల బట్టలు పిండుతున్న గద. చెవులు పనిచేస్తనే ఉన్నయి నాకు," అంది రత్నాబాయి. "పొద్దటి సంది చూస్తున్న, ఎప్పుడు చెప్తవో అని."

మౌనిక పొద్దున్నుంచి పడిన భయమంతా ఒక్కసారి పక్కకు పోయింది. దాని చోట వచ్చింది కోపం. అంత కోపం ఈ ఇంట్లో ఆమెకు ఎప్పుడూ రాలేదు. తెలిసి కూడా మూడుసార్లు అడిగింది ఈ మనిషి. తెలిసి కూడా పిల్లను అటక దించి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తెలిసి కూడా ఇందాక ఆ మాట అంది.

"తెలిసి దాన్నెందుకు అడిగినవ్?" అంది. ఏడేళ్ల కాపురంలో అత్తను నువ్వు అనడం అదే మొదలు. "నన్ను అడగరాదా? అన్నం తినలే అది. నా మీద కోపం ఉంటె నన్నను. ఆరేండ్ల పిల్లను పెట్టి నన్ను పరీక్ష చేసినవా?"

"తల్లి నోరు తెరువకుంటె పిల్లనే అడగాలె."

"ఆ ఆయుష్షు మాట? అదెందుకన్నవ్?"

రత్నాబాయి ఇప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు చూసింది మౌనిక, ఆవిడ కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదని. దాదర్‌కు కట్టుకెళ్లిన చీర కూడా మార్చుకోలేదు.

"అది నీ మీద కోపంతోని అనలే," అంది మెల్లగా. "నాకు నిజంగ భయం పుట్టింది పిల్లా."

బయట శంకర్రావు పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. ఆయన అంతా విన్నాడు. విననట్టు దగ్గాడు కూడా.

సాక్షి వాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. మూలన కూర్చుని అన్నీ విన్నది. ఎంత అర్థమైందో గానీ, తను అడగాల్సింది మాత్రం తెలుసు.

"పింటూ చచ్చిపోడు కద?"

మౌనిక వెంటనే కిందికి వంగి పిల్లను పట్టుకుంది. చచ్చిపోడు బిడ్డా, వానికేం కాదు, జుట్టు మళ్లీ వస్తది అంది. సాక్షి ఆ చేతుల్లో కదలకుండా నిలబడింది గానీ ఆమె మొహం వైపు చూడలేదు. పొద్దున ఒక నిజం దాచమన్నది ఈ అమ్మే. దాని చూపు నానమ్మ మీదే ఉంది. నానమ్మ ఎప్పుడూ ఉత్తమాట చెప్పదు, చెప్పదలుచుకోకపోతే మాటే మానేస్తుంది.

"చెప్పు నానమ్మా."

రత్నాబాయి నోరు తెరిచింది. ఒక్క మాట అంటే సరిపోయేది. అది అనడానికి ఆవిడకు మనసొప్పలేదని కాదు. ఏమీ కాదని అంటే, ఆ రోజు దవాఖాన మెట్ల మీద తను మొక్కిన మొక్కుకూ, తెల్లారి వాడు కళ్లు తెరవడానికీ సంబంధం లేదని ఒప్పుకోవాలి. మూడేళ్లుగా ఆవిడ దాన్ని పట్టుకునే నిలబడింది.

"స్వామిని అడగాలె బిడ్డా," అంది చివరికి.

"ఎప్పుడు?"

"కొండకు పోయినప్పుడు."

మౌనిక అత్త వైపు చూసింది, వద్దు, ఇలా అనొద్దు అన్నట్టు. రత్నాబాయి ఆ చూపు తప్పించుకుంది.

సాక్షి అమ్మ చేతుల్లోంచి నెమ్మదిగా బయటికి వచ్చింది. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న బడి సంచీ తీసి, లోపల ఉన్న డబ్బా, సీసా బయట పెట్టి, సంచీ మడిచి మంచం కిందికి తోసింది. పెద్దమనిషిలా వచ్చి చాప అంచున కూర్చుని, నిద్రపోతున్న తమ్ముడి చొక్కా కొస పిడికిట్లో పట్టుకుంది.

"అయితే అప్పటిదాంక నేను బడికి పోను," అంది. "రాత్రి కూడ పండుకోను. ఇక్కడ్నే ఉంట."